తాళం వేసిన మెట్ల తలుపు

అధ్యక్షులు రెవరెండ్ మేబ్రీ గారికి, కింది అంతస్తుల్లోని ప్రభుత్వ స్కూలు ప్రిన్సిపాల్ బతిస్టా గారికి, తల్లిదండ్రులకు, తోటి టీచర్లకు, ఇవాళ పదవీ విరమణ చేస్తున్న మా ప్రిన్సిపాల్ మిసెస్ గ్రేవ్స్ గారికి వందనాలు.

రాసుకొచ్చిన కాగితం చేతిలోనే ఉంది. చదవలేకపోతున్నాను. వేదిక ఎక్కబోతుంటే మేడమ్ నన్ను ఆపి, "క్లెయిర్, నీ లైబ్రరీ గది బతిస్టా గారికి తిరిగి ఇచ్చేశానమ్మా. నిన్ననే సంతకం పెట్టాను. ఇక వెళ్లు, గట్టిగా మాట్లాడు" అన్నారు. (నవ్వులు) మీరు నవ్వుతున్నారు, నాకు ఈ సంగతి తెలిసి రెండు నిమిషాలు కూడా కాలేదు.

రెవరెండ్ గారి చర్చి కింద ఒక్క తరగతితో మొదలైన మన చార్టర్ స్కూలు, ప్రభుత్వం డబ్బుతోనే అయినా సొంత పద్ధతిలో, శనివారాలు కూడా పిల్లల్ని కూర్చోబెట్టి చదివిస్తూ, ఈ భవనం పై అంతస్తుకి చేరి, ఏటా ఒక గది చొప్పున పెరిగింది. అక్షరాలు కూడబలుక్కోలేని పిల్లలు మన దగ్గర లావుపాటి పుస్తకాలు చదివారు. ప్రతి వసంతంలో మన స్కూల్లో సీట్లకు చీటీలు తీసే రోజున, పిల్లల పేరు రాని తల్లులు ఈ హాల్లోనే కళ్లు తుడుచుకున్నారు. మన స్కూలు విలువ మీద నాకు ఏ అనుమానమూ లేదు. అయితే ఆ గదులన్నీ ఎవరివి? బతిస్టా గారి స్కూలువే కదా.

ఇందాక మేడమ్ గది ఇచ్చేశానన్నప్పుడు, "మరి మన పిల్లలో, మేడమ్?" అన్నాను. "కింది పిల్లలు భవనాన్ని వేడిచేసే బాయిలర్ పక్కన బెంచీ మీద కూర్చుని చదువుకుంటున్నారు. పిల్లలకి చదవడం నేర్పాలనే కదా నేనీ స్కూలు పెట్టాను? ఏ అంతస్తు పిల్లలకో అనుకుని పెట్టలేదే" అన్నారు.

బతిస్టా గారూ, మీకు ముందే తెలుసా?

("ఇవాళ మధ్యాహ్నం చెప్పింది తల్లీ! నేనింకా నమ్మలేదు!" అని హాల్లోంచి బతిస్టా గారు. నవ్వులు)

అయితే ఇద్దరం ఒకలాగే ఉన్నాం. కానీ సార్, గది మీదయింది, పుస్తకాలు మావి. అరలు గోడలో కట్టినవి, ఊడిరావు. మీ పిల్లలు ఆ గదికి రావాలంటే మెట్ల దగ్గర తలుపు దాటాలి. మా పిల్లలూ మీ పిల్లలూ కలవకూడదని అందరూ కలిసి తాళం వేయించిన తలుపు అది. మా పుస్తకాలు మేం తీసేసుకుంటే అటు పుస్తకాల్లేని గది, ఇటు గది లేని పుస్తకాలు. మేడమ్ ఇదంతా ఆలోచించకుండానే సంతకం పెట్టారంటారా? ఒకసారి ఆవిడ ముఖం చూడండి.

(చప్పట్లు)

తాళంచెవి నా దగ్గరే ఉంది. ఏం చేయమంటారు సార్?

("తీసెయ్ తల్లీ! మళ్లీ వెయ్యకు!")

మేడమ్, మీ గురించి రాసిన మంచి మాటలన్నీ ఈ కాగితంలో ఉన్నాయి. ఇదిగో, మీ చేతికే ఇస్తున్నాను, ఇంటికెళ్లి చదువుకోండి. నేనింకా తేరుకోలేదు. ఓపిగ్గా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. నేను పైకి వెళ్లి ఆ తలుపు తీయాలి.

సెలవు.