చెన్నమ్మ మిషనుకు ప్రేమయ్య తీసిన ఫోటో

ఏమప్పా, ఆ పాత రేడియోను కిటికీ కాడికి జరిపి ఫోటో తీస్తాండావా? తియ్యి తియ్యి. నిన్ను చూస్తే మా కమలాపురం ప్రేమయ్య గుర్తొస్తాండాడు. నీకు తెలీదులే, పోయి శానా ఏండ్లాయ. కర్నూలు మనకు రాజధానిగా ఉండె చూడు, ఆ కాలం. నేను కాపురానికొచ్చిన కొత్త. మా వీధికంతా ఫోటోలు తీసేది ఆయప్పే. మూడుకాళ్ల పెట్టె, నల్లగుడ్డ. ఆ గుడ్డలో తల దూర్చినాడంటే ఎండ నడినెత్తికొచ్చినా బయటికి తియ్యడు. పెండ్లికి పిలిస్తే పెండ్లికూతుర్ని ఇడిసిపెట్టి, మూలనుండే గ్రామఫోను చుట్టూ తిరుగుతాండె. మా చిన్నమామ పెండ్లిలో రేడియో నిండుగా పడల్లని, పక్కన కూచున్న మామకు ఫోటోలో సగం తలకాయ కోసేసినాడు. ఫోటో చెప్పింది రేడియోకా నాకా అని మామ ఎగిరితే, ఆయప్ప మెల్లగా, 'మీరు బిగదీసుకొని కూచుంటిరి సామీ, అది చూడండి ఎంత సుఖంగా కూచునిందో' అన్నాడంట. పిచ్చోడనుకుండ్రి. పిచ్చి కాదప్పా. గ్రామఫోను బూర ఉమ్మెత్తపువ్వు మాదిరి ఉంటాది గదా. పాట రావాలంటే నున్నటి గరాటైనా సాలు, దాన్ని చేసినోడు పువ్వురేకులెందుకు తీర్చినాడు చెప్పు జీవమ్మక్కా అని నన్నడిగేవాడు. నాకేం తెలుసు, ఐదో తరగతి దాటినదాన్ని కాదు.

అట్లాంటోడి కన్ను చెన్నమ్మక్క కుట్టుమిషను మింద పడింది. అక్కది మా పక్కిల్లే. మొగుడు పోయినాక రవికలు కుట్టి బతికేది. మిషను ఆయన తెచ్చిందే, అప్పటికే పాతది. నల్లగా నిగనిగలాడతా, మెడ పొడుగునా గీసిన బంగారు తీగలు, నడిమధ్య ఒక పిట్ట. కడపంతా తిరిగినా అట్లాంటిది ఇంకోటి లేదంట. అక్క చెయ్యి ఆనీ ఆనీ తీగలు అరిగిపోతాండె. పిట్ట గూడా పోకముందే ఫోటో తియ్యల్లని ఆయప్పకు ఆత్రం. అక్కేమో గడప తొక్కనీదు. ఆడదొక్కతే ఉండే ఇంటికి ఫోటోలోడొస్తే వీధి ఊరకుంటాదా? నెలల తరబడి తిప్పించింది. కడాకు నేనొచ్చి కూచుంటానంటే ఒప్పుకునింది. మిషను వాకిట్లో వెలుతురుకు పెట్టినారు. ఆయప్ప గుడ్డలో దూరినాడు, బయటికొచ్చినాడు. పిట్ట కనపడకుండా దాని మింద ఇంత కుంకంబొట్టు. అక్క తాను పెట్టుకోకూడదు గదా, మిషనుకు మాత్రం శుక్రవారం శుక్రవారం తుడిచి పెట్టేది. ఆయప్ప చర్చికి పోయే మనిషి, బొట్టు సంగతి అంతగా తెలీదు. చేతిగుడ్డ నీళ్లకు తడిపి, తుడిచేదానికి వంగినాడు. అక్క లేచి అడ్డం నిలబడింది. మగోళ్ల ముందర గొంతెత్తని మనిషి.

'నా మొగాన తుడిచినారు. అడిగి తుడవలేదు. దీని మొగాన తుడవనియ్యను' అనింది.

ఆయప్ప ఆ తడిగుడ్డ అట్లే మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆమింట, 'సూది నడిచేదానికి బంగారు తీగలతో పన్లేదక్కా. ఏ దేశపోడో, దీని ముందర ఒక ఆడమనిషి కూచుంటాదని తల్చుకొనే గీసింటాడు. ఉండనీ బొట్టు' అని, మళ్లా గుడ్డలో దూరినాడు. సరే, ఫోటో వచ్చె. నలుపు తెలుపు కాలం గదా, నల్లటి మిషను మింద ఎర్రబొట్టు నలుపులో నలుపై కలిసిపోయె. బొట్టూ లేదు, పిట్టా లేదు. అప్పుడు ఫోటోల మింద చేత్తో రంగులేస్తాండ్రి, చీరకు పచ్చ, బుగ్గలకు గులాబి, నగలకు బంగారు. ఆయప్ప పిట్టను గీసుకొనింటే ఎవురడుగుతారు చెప్పు? గీసుకోలేదు. సన్న కుంచెతో ఆ బొట్టొక్కటే ఎర్రగా దిద్ది, అట్టకంటించి తెచ్చిచ్చినాడు. అక్క ఆ బొట్టు మింద ఏలు పెట్టి, తీసి, ఏలికేమన్నా అంటుకునిందా అని చూసుకునింది...

ఆ. లెయ్యప్పా, ఎండ వాకిట్లోకొచ్చె, మిరపకాయలు తిరగెయ్యల్ల.