ఉగాది జీతం

నాందేడ్‌లో కాలేజీ మెట్ల మీద కూర్చుని కాజల్ ఫారం నింపుతోంది. పక్కనే తండ్రి మాణిక్.

“నా టర్నింగ్ పాయింట్ రాయమన్నరు, బాపు.”

“అంటే ఏంది?”

“బతుకు మొత్తం మళ్లిపోయిన దినం.”

మాణిక్‌కు పెద్దకొడుకు దత్తు కళ్లలో మెదిలాడు.

“మీ అన్నకైతే ఉగాది. ఆ దినమే వాన్ని మన ఊరి పటేల్ ఇంట్ల ఎవుసం పనికి ఏడాది జీతానికి పెట్టిన. తొమ్మిదో తరగతి పరీక్షలు అయిపోనీకి ఇంక పది రోజులుండె.”

“పరీక్షలైనంక పెట్టకపోయినవా?”

“ఉగాది దాటితే మళ్ల ఏడాది దాక జీతగాన్ని ఎవ్వరు పెట్టుకోరు, బిడ్డా. పది రోజులు ఆగుమని అడిగితే పటేల్ ఆగుతుండెనేమో. నాకే నోరు రాలే.”

“అది అన్న సంగతి. ఈడ నాది రాయాలె.”

“వాని జీతంతోనే నిన్ను బడిల ఏసిన. నీది గూడ గదే దినం.”