దాలయ్య దిగిన మడి

ఏటి, మా మనవరాలు శ్రావణి పేరు పక్కన ఏటి రాసుకోవాలని అడుగుతన్నావా? ఈ గట్టు మీద కూకో, సెప్తాను. ఒరే మురళీమోహనూ, హైస్కూలు మేస్టారివయ్యావు, మంచిదే, గాని ముందు ఆ ఫోను జేబులో పెట్టు. మీ తాత దాలయ్య ఎలాటోడో నీకు తెల్దు. నువ్వు పుట్టకముందే పోనాడు. అచ్చరమ్ముక్క రాదు, ఏలిముద్రే. ఉడుపులొస్తే, నాట్లేసీ రోజుల్లో, మనూరి బడి కాళీ అయిపోయీది, ఆడపిల్లలందరూ మడిలోనే. మీ తాత గట్టెక్కి "ఒసే గౌరీ, ఒడ్డెక్కవే, బడికెల్లు" అని కేకేసీవోడు. గౌరి తల్లి ఊరుకుంటాదా? "పిల్ల కూలి నువ్విస్తావేటి బావా?" అని తగులుకునీది. ఆయన పంచి ఎగ్గట్టీసి, పిల్ల సేతిలో నారు లాక్కుని, దాని బదులు తాను దిగిపోయీవోడు. బడి వదిలీదాకా వంచిన నడుం ఎత్తీవోడు కాదు. కూలి మాత్రం గౌరి తల్లికే. మొగోడు ఆడోల్ల మజ్జిన ఉడుస్తన్నాడని ఊరంతా నవ్వినాది. నానూ నవ్వినాను. ఆ గౌరే ఇప్పుడు విజయనగరంలో నర్సమ్మ, ఏటనుకున్నావు!

మరిప్పుడేటయ్యింది? మూడు, నాలుగు, ఐదు తరగతులు పట్టుకుపోయి మీ హైస్కూల్లో కలిపీసినారు. "తాతా, క్లాసుకో టీచరుంటాడు, కంప్యూటర్లుంటాయి, పట్నం పిల్లలతో సమానమైపోతారు" అని ఆ వచ్చిన ఆపీసరు ఎంత తియ్యగా సెప్పినాడో! సమానమట, సమానం! షావుకారు గోవిందరావు మనవలకి గుమ్మంలోకే కాన్వెంటు బస్సు వస్తాది. మా పిల్లకి మూడు కిలోమీటర్ల నడక, మజ్జిన గెడ్డ. గెడ్డ పొంగితే తొమ్మిదేళ్ల పిల్ల దాటతాదేట్రా? వారం ఇంటికాడున్నాది. ఊరికే కూకుంది గదా అని మా కోడలు ఉడుపుకి తీసుకుపోనాది. ఇంక బడి మాటే నేదు. 'మానీసింది' అని రాసుకుంటావా? అది బడి మాన్నేదురా, బడే దాన్ని ఒదిలీసింది.

బడి కలిపీమన్న తీర్మానం మీద సంతకం ఎవులు పెట్టారని అడగవేటి? నానే! బడి కమిటీలో పెద్దమనిషిని గదా. మాఘమాసంలో వచ్చినారు, గెడ్డలో ఒట్టి ఇసక. పిల్లలు ఆడుకుంటా దాటీస్తారనుకున్నాను. పుట్టిన కాడ్నించీ ఆ గెడ్డ పక్కనే బతికినోన్ని, దానికి వానాకాలమొకటుందని నాకు తట్టనేదు. ఏలిముద్రోడు బడి నిలబెట్టినాడు, సంతకమొచ్చినోన్ని నాను తీసీసినాను. సిగ్గునేని బతుకు!

నువ్వెలాగొచ్చావు? బండి మీదే గదా? గెడ్డ దాటొచ్చావు గదా? మరింకేటి సూస్తావు, ఎనకాల కూకోబెట్టుకుని దాటించు. రేపూ రా, ఎల్లుండీ రా, నీళ్లు తీసీదాకా రా. అదిగో, మూడో మడిలో నీలం గౌను. ఈ కర్ర పట్టుకో. నా మోకాళ్లా? ఉన్నాయిలే నొప్పులు, ఎప్పుడు నేవు! ఒసే శ్రావణీ, ఒడ్డెక్కవే. ఆ నారు ఇలాగియ్యి.