గెడ్డ దాకా

డుంబ్రిగుడ అవతల, తారురోడ్డు ఆగిపోయే ఊరి నుంచి కొండ మీదికి కాలిదారి, మధ్యలో గెడ్డ, అంటే కొండవాగు. డిసెంబరు నెల, పొద్దున్న. విజయనగరం నుంచి వచ్చిన రమణమ్మ, ఆ ఊరి ట్రెక్కింగ్ గైడు ఫల్గుణ.

"ఇంకో గైడున్నాడు, రవిబాబు. నాకన్నా బాగా తీసుకెళ్తాడమ్మా. ఇంకా ఊరు దాటలేదు మనం. పిలవమంటారా?"

"వద్దు. పద."

"హుషారైనోడు. ఏ చెట్టు ఏటో, ఏ పిట్ట ఏటో అన్నీ చెప్తాడు."

"సెట్ల పేర్లకి రానేదు బాబూ నేను. నువ్వు ముందు నడు, నేనెనకాల వత్తాను."

"గెడ్డ దాకానే కదమ్మా?"

"గెడ్డ దాకా. తరవాత సూద్దాం."

"తరవాతేం లేదమ్మా. గెడ్డ చూసి దిగిపోదాం. మధ్యాహ్నం బస్సుకి అందాలి మీరు."

"బస్సు ఎల్లిపోతే రేపెల్తాను. నాకెవరున్నారు ఇంటికాడ కనిపెట్టుకుని? ఇదేటి, దారి ఇలగున్నాది? తుప్పలు మూసీసినాయి."

"వానలకి పెరిగిపోయాయమ్మా."

"వానలెల్లి ఎన్నాళ్ళయింది! ఇప్పుడు సీజనే కదా మీకు? మీ ఊరి మొగలో కార్లున్నాయి. కుర్రగుంటలు సంచులు తగిలించుకుని కొండెక్కుతన్నారు."

"వాళ్ళు అటు వైపమ్మా. వలిసె పూలున్నాయి అటు. పచ్చగా, చేను చేనంతా. ఫొటోలు దిగుతారు."

"ఇటెవరూ రారా?"

"రారు."

"రారా, నువ్వు తేవా?"

"చూసుకోండి, ఆ రాయి జారుతుంది. మంచుకి తడిసి ఉంది."

"సూసుకుంటన్నాను. నేనడిగింది—"

"కుడివైపు నుంచి రండమ్మా. కుడివైపు."

"... వచ్చీసాను. ఆగు, ఊపిరందట్లేదు."

"కూర్చోండి. నీళ్ళు తాగండి."

"అబ్బ. ఏం సలిరా నాయనా ఇది! సెవులు తెగిపోతన్నాయి. నువ్వేటి, ఒక్క సొక్కాతో వచ్చీసినావు? సలెయ్యదా?"

"తెలీదమ్మా."

"సలేత్తందో లేదో తెలీదేటి?"

"పొద్దున్న మా ఆవిడ రత్న స్వెట్టరిచ్చింది. వేసుకుందామనే అనుకున్నాను. మర్చిపోయాను."

"మంచి గుంట రత్న. నేనొచ్చీసరికి కాఫీ పెట్టి ఉంచింది."

"మా చెట్ల కాఫీయేనమ్మా. ఇప్పుడు పళ్ళ కోతలు."

"నువ్వూ కోతలకెల్తన్నావా?"

"తనే వెళ్తుంది."

"మరి నువ్వు?"

"ఉంటాను ఇంట్లో. లేవండమ్మా, కూర్చుంటే కాళ్ళు బిగుసుకుపోతాయి."

"మా ఫణీంద్ర కూడా ఇంతే. కూకోనిచ్చీవోడు కాదు. రైల్వే కోటర్సు మెట్లెక్కడానికి బద్ధకం ఆడికి, ఈ కొండకి మాత్రం సెలవు దొరికితే సాలు. ఎన్ని మాట్లొచ్చాడు నీతోటి?"

"లెక్కలేదమ్మా. అన్ని కాలాల్లోనూ వచ్చాడు."

"నాకు సెప్పీవోడు. ఎండల్లో ఇప్పపూల వాసనకి నిద్దరట్టదమ్మా అనీవోడు. సలికాలం మబ్బు మన కాళ్ళ కింద ఉంటాదనీవోడు. నేను నవ్వీదాన్ని, నువ్వేటి దేవుడివేటిరా అని. వానాకాలమే అన్నిటికన్నా బాగుంటాదంట. బాగుంటాదా?"

"ఏటి?"

"వానాకాలం."

"పచ్చగా ఉంటుంది."

"ఇంకా?"

"అంతే. పచ్చగా ఉంటుంది."

"సరే. పద."

"ఇంక దిగుడే. నెమ్మదిగా. ఆ వేరు పట్టుకోండి."

"నీ సెయ్యియ్యి."

"వేరు పట్టుకోండమ్మా. గట్టి వేరు."

"... ఇదేనా?"

"ఇదేనమ్మా."

"ఇంతేనా? నా మోకాలు తడవదు."

"ఇప్పుడింతే."

"ఇందులోనా పోయినాడు నా కొడుకు?"

"ఆ రోజు ఇలా లేదమ్మా. ఆ మద్దిచెట్టు చూడండి. పై కొమ్మల్లో ఎండుగడ్డి చిక్కుకుని ఉంది."

"నీల్లు అంతొచ్చినాయా?"

"వచ్చాయి. వాన ఇక్కడ పడలేదమ్మా. మాకు ఎండే. పడిందంతా అవతల కొండ మీద. కొండ దిగి వస్తూ నేనే ముందు ఇటు దాటాను, తాడు చెట్టుకి కట్టాను. బాగానే దాటుతున్నాడు. నవ్వుతున్నాడు కూడా. పైనుంచి చప్పుడైంది. ఇక్కడ వంగి పట్టుకున్నాను."

"ఎక్కడ?"

"ఈ రాయి మీద నుంచి."

"కాదు. ఆణ్ణి. ఎక్కడ పట్టుకున్నావు?"

"మణికట్టు దగ్గర."

"ఆడేటైనా అన్నాడా?"

"నోరు కదిలింది. నీళ్ళ చప్పుడుకి వినపడలేదు."

"అమ్మా అన్నాడేమో."

"అన్నాడేమోనమ్మా."

"నన్నూరుకోబెట్టడానికి సెప్పకు. నిజం సెప్పు."

"వినపడలేదు. చెయ్యి నా చేతిలో ఉంది. తరవాత లేదు. నేను పట్టుకునే ఉన్నాను. ఊళ్ళోవాళ్ళు వచ్చేసరికి కూడా అలాగే ఉన్నానంట. రత్న వచ్చి నా వేళ్ళు ఒక్కొక్కటీ విప్పిందంట. నాకు గుర్తులేదు."

"ఊఁ."

"మీవాళ్ళెవరూ నన్ను తిట్టలేదమ్మా. పోలీసులు కూడా తిట్టలేదు. మీరు ఆ రోజు ఆసుపత్రి దగ్గర నా మొహం చూసి, తిన్నావా బాబూ అని అడిగారు."

"తింటే తిన్నానని సెప్పాలి కదా. నువ్వేటీ సెప్పనేదు."

"తిన్నానో లేదో తెలీలేదు."

"తిట్టుంటే బాగుండునా?"

"తెలీదమ్మా."

"అన్నిటికీ తెలీదు, తెలీదు. సరే లే. దాటుదాం."

"దాటడమా? మీరడిగిన చోటు ఇదేనమ్మా."

"ఇదే. సూసీసాను. పైకెల్దాం. పైనుంచి సముద్రం కనపడతాదంట, మావోడన్నాడు."

"కనపడదమ్మా. కొందరంటారు, గీతలాగ కనపడిందని. నాకెప్పుడూ మంచే."

"మంచే సూద్దాం. దిగు నీల్లలోకి. నువ్వు ముందు."

"..."

"ఏటి, నిలబడిపోయినావు?"

"కాళ్ళమ్మా."

"నొప్పా?"

"నొప్పి కాదు. కదలట్లేదు."

"సెయ్యియ్యి మరి."

"వద్దు. కర్ర కొట్టి ఇస్తాను, కర్ర పట్టుకుని దాటండి."

"కర్రొద్దు. సెయ్యియ్యి."

"మీకు తెలీదమ్మా. నేనెవరి చెయ్యీ పట్టుకోను. మా పాపది కూడా. సంతకెళ్తే రత్నే పట్టుకుంటుంది. నేను వెనకాల నడుస్తాను. నాన్నా అని చెయ్యి చాపుతుంది, నేను జేబులో పెట్టుకుంటాను."

"జేబులోంచి తియ్యి."

"అమ్మా, వద్దు."

"నేను ముసిలిదాన్ని. మోకాలి నొప్పులు. నువ్వు పట్టుకోకపోతే ఈ కాసిన్ని నీల్లలోనే పడిపోతాను. దిగుతన్నాను సూడు."

"ఆగండి! అక్కడ కాదు. నాచుంది అక్కడ. ఆగండమ్మా, వస్తున్నాను."

"వచ్చినావా? ఇదిగో. పట్టుకో."

"..."

"గట్టిగా పట్టుకో. అలగ కాదు, ఏలితో ముట్టుకున్నట్టు. గట్టిగా."

"పట్టుకున్నాను."

"ఏడుత్తన్నావా?"

"లేదమ్మా. ఈ రాయి మీద అడుగెయ్యండి. పల్చటి రాయి మీద వద్దు, కదులుతుంది. కుడికాలు ముందు. ఆఁ. నీళ్ళకేసి చూడకండి, గట్టు చూడండి."

"గట్టే సూత్తన్నాను."

"ఇంకొక్కటి. ఆఁ. అయిపోయింది. కూర్చోండి. కూర్చోండి, చీర పిండుకోండి."

"నా సెయ్యొదులు మరి, పిండుకుంటాను."

"... ఆఁ. వదిలాను."

"సల్లబడిపోయినావు. ఈ శాలువా కప్పుకో. కప్పుకో అంటన్నాను కదా! నాకొద్దులే, నాకు సెమటొత్తన్నాది."

"కొంచెంసేపాగి దిగిపోదామమ్మా. మీరు చూడాల్సింది చూశారు కదా."

"సూడ్డానికి రానేదు బాబూ. ఆణ్ణి పట్టుకుపోయిన నీల్లని సూసి నేనేటి సేసుకుంటాను?"

"మరి ఇంత దూరం ఎందుకొచ్చారమ్మా?"

"రత్న ఫోన్ సేసింది. 'మా ఆయన ఆ రోజు నుంచీ గెడ్డ కాడే ఉండిపోయినాడమ్మా, మేం పిలిత్తే రావట్లేదు, మీరొచ్చి పిలవండి' అంది."