మూడు నెలల సీసా

మార్చి నెలాఖరు, సాయంత్రం నాలుగు గంటలు. ఉత్తర జపాన్‌లో కంప్రెసర్ల ఫ్యాక్టరీని నమ్ముకుని బతికే ఊరు. ‘సుబాకి’ బారు ఇంకా తెరవలేదు. ఓనరమ్మ కినుయో ముల్లంగి ముక్కలు ఉడకేస్తుంటే, ఇరవయ్యేళ్ళుగా అక్కడే తాగుతున్న ఫ్యాక్టరీ మేనేజరు హిరానుమా పేపరు పట్టుకుని తలుపు తోసుకుని వచ్చి పడ్డాడు.

“ఇది నువ్వు కాకపోతే ఇంకెవరు, కినుయో? చదివి వినిపించమంటావా?”

“చదవండి, మేనేజరు గారూ. కళ్ళజోడు పెట్టుకోలేదు నేను.”

“‘మాంద్యం పోయిందంటున్నారు గానీ మా దగ్గర ఆ జాడ లేదు. జీతాల రోజున కూడా పెద్ద సీసా ఎవరూ కొనడం లేదు. పెద్ద ఉద్యోగాల వాళ్ళు సైతం ఉన్న సీసా ఖాళీ చేసి ఊరుకుంటున్నారు.’ కింద ‘బారు నిర్వాహకురాలు’ అని వేశారు.”

“పేరు వెయ్యలేదు కదా.”

“పేరెందుకు? ఊళ్ళో బారు ఇదొక్కటే మిగిలింది.”

“అది కూడా రాయాల్సింది. మర్చిపోయాను.”

“వేళాకోళం చాలు. ప్రభుత్వం నెలనెలా కార్డు పంపి వ్యాపారం ఎలా ఉందని అడిగి, నీ జవాబు పేపర్లో వేయిస్తోందంటే, అది నీ మీద గౌరవం. నీ కడుపుమంట వెళ్ళగక్కమని కాదు.”

“అడిగారు, చెప్పాను. టాక్సీ వాణ్ణీ అడుగుతారు, సెలూన్ వాణ్ణీ అడుగుతారు. మాకు పెద్ద చదువుల్లేవు. కళ్ళున్నాయి.”

“ఆ కళ్ళ వల్ల నాకేం జరిగిందో తెలుసా? అట్టపెట్టెల వాడు పొద్దున్నే ఫోన్ చేశాడు, డబ్బు ముందిస్తే గానీ లారీ కదలదట. యూనియన్ వాళ్ళు నా గది ముందు కూర్చున్నారు. ఆ పెద్ద ఉద్యోగం వాణ్ణి నేనేనట.”

“గుమ్మడికాయల దొంగంటే మీరెందుకు భుజాలు తడుముకుంటారు?”

“నన్ను దొంగంటున్నావా?”

“సామెత అన్నాను. ఆ అర చూడండి, కింది నుంచి రెండో వరస. మీ పేరు రాసిన సీసా ఉండే చోటు. నవంబరు నుంచి ఖాళీ. ఇరవయ్యేళ్ళలో అక్కడ దుమ్ము పడటం ఇదే మొదలు.”

“కళ్ళజోడు లేదంటావు, దుమ్ము మాత్రం కనిపించిందా? డాక్టరు తాగొద్దన్నాడు.”

“సీసా వద్దని, బీరు తాగమన్నాడా? పోయిన శుక్రవారం నాలుగు లాగించారు.”

“నేనేం తాగితే నీకెందుకు? నా గ్లాసు చూసి దేశం ఎలా ఉందో రాస్తావా?”

“దేశం సంగతి నాకు తెలీదు. ఊరి సంగతి మీ గ్లాసు చూసే రాస్తాను. డబ్బు కట్టి, పేరు రాసి, సీసా ఇక్కడ వదిలెళ్ళినవాడు మళ్ళీ వస్తాడు. గ్లాసుల లెక్కన తాగేవాడు వస్తాడో రాడో ఎవరికి తెలుసు?”

“చాదస్తం.”

“చాదస్తమే. జనవరిలో కొత్త సంవత్సరం మీటింగులో మైకు పట్టుకుని, ఇంకో పదేళ్ళు ఫ్యాక్టరీకి ఢోకా లేదన్నారు. ఆ మాట ఈ బల్ల మీద చెయ్యేసి అనండి.”

“బల్ల తడిగా ఉంది.”

“తుడిచాను. అనండి.”

“ముల్లంగి మాడుతోంది చూడు.”

“మాడనివ్వండి. అనండి.”

“అందరి ముందూ చెప్పానుగా. ఎన్నిసార్లు చెప్పాలి? నేను కార్డు గురించి వచ్చాను. ఈ నెలది పంపావా?”

“లేదు. అదిగో, టీ డబ్బా కింద ఉంది.”

“‘మూడు నెలల తర్వాత ఎలా ఉంటుంది’ అన్నచోట ‘కొంచెం మెరుగు’కి టిక్కు కొట్టు. ఒక్క గీత. నీ సొమ్మేం పోదు.”

“నా సొమ్మే పోతుంది. ఈ బిల్డింగు ఓనరు కుమగాయ్ రేపు పదింటికి అద్దె కాగితం పట్టుకొస్తాడు. మూడేళ్ళకి రాయమంటున్నాడు. మధ్యలో మూసేసినా మూడేళ్ళూ కట్టాల్సిందే. ముసలితనానికని దాచుకున్నదంతా అడ్వాన్సుకే సరి. మీ ఫ్యాక్టరీ ఉంటే ఆ డబ్బు వెనక్కొస్తుంది. లేకపోతే అరవయ్యో ఏట ఎవరింట్లోనో అంట్లు తోముకోవాలి నేను. సంతకం పెట్టనా, వద్దా?”

“అది నీ వ్యాపారం. నన్నడుగుతావేంటి?”

“ఇంకెవర్ని అడగను? ఊళ్ళో తెలిసినవాళ్ళు మీరొక్కరే.”

“నాకేం తెలీదు.”

“తెలీనివాళ్ళు ఇంత అరవరు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ.”

“ఇలాంటి మాటల వల్లే ఫ్యాక్టరీలు పోతాయి. ఒకడు భయపడితే పదిమంది భయపడతారు. నాలుగొందల మంది కూడు నీ నోట్లో పెట్టుకుని ఆడుకుంటున్నావ్.”

“నా నోరా? మీ మిషన్లో మా ఆయన వేళ్ళు తెగినప్పుడు కూడా లేవలేదీ నోరు. అప్పుడే లేవాల్సింది.”

“పోయినవాణ్ణి ఇందులోకి లాగకు.”

“సరే, లాగను. బేరం చెప్తాను వినండి. మీరన్నట్టే ‘మెరుగు’ అని కొడతాను. మీరు సీసా కొనండి, పెద్దది. ఇక్కడి రూలు మీకు తెలుసు. పేరూ తేదీ రాస్తే మూడు నెలలు అరలో మీ కోసం ఉంచుతాను. ఆ కార్డు అడిగేదీ మూడు నెలల సంగతే.”

“బెదిరిస్తున్నావా?”

“అమ్ముతున్నాను.”

“కొనకపోతే?”

“‘బాగా దిగజారుతుంది’ అని కొడతాను. ఎందుకని ఎవరడిగినా మీ ఖాళీ అర చూపిస్తాను.”

“కొంటే?”

“కార్డు మీద ‘మెరుగు’. రేపు పదింటికి కుమగాయ్‌కి సంతకం. మీ పేరు అక్కడుంటే చాలు నాకు, ఇంకో మాట అడగను.”

“అంత నమ్మకమా నా పేరంటే?”

“మీ మాట మీద లేదు. మీ సీసా మీద ఉంది.”

“పెద్దదే ఇవ్వు. ఇదిగో డబ్బు. ఆ తెల్ల సిరా పెన్ను ఇటు పడెయ్.”

“అబ్బో, డాక్టరు ఒప్పుకున్నాడా?”

“నోరుమూసుకుని పెన్నివ్వు.”

“ముందు తేదీ, తర్వాత పేరు. ఆరేదాకా ముట్టుకోకండి. ఎందుకలా అటు తిరిగి రాస్తున్నారు?”

“వెలుతురు కోసం.”

“దీపం ఇటుంటే అటు తిరగడమేంటి?”

“నీకు తగువు తప్ప ఇంకోటి రాదా? అయింది, తీసుకెళ్ళి అరలో పెట్టుకో. నేను వెళ్తున్నాను.”

“ఉండండి, కళ్ళజోడు పెట్టుకోనివ్వండి. ఇదేంటి మేనేజరు గారూ? మీ పేరు కాదే ఇది. నా పేరు రాశారు.”

“సీసా నీదే. కార్డు మీద నీ ఇష్టం వచ్చింది కొట్టుకో. ఆ పేరు రేపు కుమగాయ్ కాగితం మీద మాత్రం రాయకు.”