ఆగితే వణికే కారు

టీ ఏం వద్దండి. టీ తాగడానికి రాలేదు నేను. ఆ స్టూలు కూడా వద్దు, నిలబడే మాట్లాడతాను. ముందు నాకొక్క ముక్క చెప్పండి ఉదయకుమార్ గారూ, మీరసలు మెకానిక్కేనా?

కోపం తెచ్చుకోకండి, అడుగుతున్నానంతే. ఈ ఉప్పళం పేటలో ఎవర్నడిగినా మీ పేరే చెబుతారు కదా, పాత కారు ఏదైనా సరే చెవి పెట్టి జబ్బు చెప్పేస్తాడని. మరి మా ఆవిడ కారు జబ్బెందుకు తగ్గదండి? ప్రతి శనివారం మీ షెడ్డుకొస్తుంది, బాగై ఇంటికెళ్తుంది. మళ్ళీ శనివారానికి వణుకుడే!

అదిగో, వినండి. మీకు వినిపించాలనే ఇంజన్ ఆపలేదు. డుగుడుగుడుగు... టక్... డుగుడుగు. మిస్సింగ్ కొడుతోందా లేదా? లోపల ఆ మీటరు ముల్లు ఎలా ఊగుతోందో చూడండి. రోడ్డు మీద పరిగెడుతున్నంతసేపూ శుభ్రంగా ఉంటుంది. సిగ్నల్లో ఆగామా, చలిజ్వరమే. ఇప్పుడొస్తుంటే రైల్వే స్టేషన్ దగ్గర రెండుసార్లు ఆగిపోయింది. వెనకాల బస్సువాడు తమిళంలో ఏమన్నాడో నాకు పూర్తిగా అర్థం కాలేదు, అది నా అదృష్టం.

నేను తెచ్చినట్టు ఆర్తికి తెలీదండి. మార్కెట్టుకెళ్ళింది. తాళం కనపడితే పట్టుకొచ్చేశాను. పెళ్ళయ్యాక ఈ కారు నేను నడపడం ఇదే మొదలు. ఇద్దరు పట్టే ఎర్ర స్పోర్ట్స్ కారు, మా మావయ్యగారు ఎప్పుడో ఎవరో దొర దగ్గర కొన్నారు. కూతురికిచ్చారు. అల్లుడికి కాదు, కూతురికి. నాకు యానాం నుంచి తెచ్చుకున్న స్కూటరుంది, చాల్లెండి.

నేనూ ఊరుకోలేదండి. ఆఫీసులో ఫైళ్ళు పక్కన పడేసి ఫోన్లో వీడియోలు చూశాను. ప్లగ్గులా? కొత్తవి, మీరే మార్చారు. కాయిల్సా? ఇక్కడిది అక్కడా అక్కడిది ఇక్కడా పెట్టి చూశారు, అయినా తేడా రాలేదు. ఇంజెక్టర్లా? కడిగించారు. ఇవన్నీ మా ఆవిడ భోజనాల దగ్గర చెబుతుంది లెండి. నాకు చెప్పదు, పప్పుగిన్నెకి చెబుతుంది. "ఉదయన్న ఇట్ల చేసినాడు, ఉదయన్న అట్ల పట్టినాడు."

ఉదయన్న! అన్న అంది కాబట్టి నేను సంతోషించాలి, అంతేగా? ఆయ్, సంతోషించట్లేదండి.

మొన్నొక శనివారం ఎదుటి కొట్లో సోడా తాగుతూ మిమ్మల్ని చూశాను. సరే, దాక్కునే చూశాను, అయితే ఏంటి? పొడుగాటి స్క్రూడ్రైవర్, ఒక కొస ఇంజన్ మీద, పిడి మీ చెవికి. కళ్ళు మూసుకున్నారు. తర్వాత ఆ పిడి ఆవిడకిచ్చారు. ఆవిడా చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుంది. కాసేపటికి ఇద్దరూ ఒక్కసారే తలూపారు! ఏం వినపడిందండి మీ ఇద్దరికీ? "యాడ తప్పతా ఉండేదన్నా?" అంటూ పకపకా నవ్వింది. నాతోనా? వార్తలు చదివినట్టు మాట్లాడుతుంది. "భోజనం వడ్డించమంటారా." అంతే.

ఇంటికెళ్ళి నేనూ ఒక స్క్రూడ్రైవర్ పెట్టుకున్నాను చెవికి. మసి అంటుకుంది. ఇంకేం వినపడలేదు.

మీ ఆవిడ తిలగం గారు శనివారాలు ఇక్కడే కూర్చుంటారని తెలుసండి. తప్పేం లేదనీ తెలుసు. అదే నా కడుపుమంట! తప్పుంటే మీ చొక్కా పట్టుకునేవాణ్ణి, నలుగుర్నీ పోగేసేవాణ్ణి. ఇప్పుడేమని పోగెయ్యమంటారు? ఇద్దరూ కలిసి ఇంజన్ వింటున్నారని పంచాయితీ పెట్టమంటారా?

అందుకే దొంగ మీరే అనుకున్నాను. ఆవిడ మళ్ళీ మళ్ళీ రావాలని మీరే ఏదో వదులుగా వదిలేస్తున్నారు. దొరికావురా అనుకున్నాను. ఏమనుకోకండి, మనసులో 'రా' అనే అనుకున్నాను.

ఇవాళ పొద్దున్న మేడమీద బట్టలారేస్తున్నానండి. కింద ఆర్తి వచ్చింది. అటూ ఇటూ చూసింది గాని పైకి చూడలేదు. బానెట్ ఎత్తింది. లోపలికి చెయ్యి పెట్టి, ఇంజన్ వెనకాల గాలి లాక్కునే సన్న రబ్బరు గొట్టం లేదూ, దాన్ని పట్టుకుని లాగేసింది. వెతకను కూడా లేదు, పోపులడబ్బాలో ఆవాలు తీసినంత తేలిగ్గా తీసేసింది. చెయ్యి తుడుచుకుని స్టార్ట్ చేసి చూసుకుంది. కారు వణికింది. ఆవిడ నవ్వుకుంది.

తడి లుంగీ నా చేతిలో అలాగే ఉండిపోయింది.

ఏం, తల దించేసుకున్నారేంటండి? మీకు తెలుసు కదా? ఎప్పుడో బాగైపోయింది ఈ కారు. ప్రతివారం అదే గొట్టం అదే చోట ఊడొస్తుంటే, ఇంత పేరున్న మెకానిక్కుకి అనుమానం రాలేదంటే నేను నమ్మాలా? అయినా స్ప్రే కొడుతూ, ప్లగ్గులు విప్పుతూ, సాయంత్రమంతా వెతికారు. ఎవరు పీకారమ్మా అని ఒక్కమాట అడగలేదు. అడిగితే ఆవిడింక రాదని అడగలేదు. అవునా? వద్దు, చెప్పకండి. వినే ఓపిక నాకు లేదు.

అయ్యయ్యో, ఆగండాగండి! ఆ డబ్బాలోంచి ఏంటది తీస్తున్నారు? క్లిప్పా? గొట్టానికి క్లిప్పేసి బిగించేస్తారా, ఇంకెవరి చేతికీ ఊడకుండా? ఇప్పుడొచ్చిందా మీకు నిజాయితీ? కింద పెట్టండి దాన్ని. పెట్టండి అంటున్నానా!

ఇంట్లో బయల్దేరినప్పుడు నేనూ అదే చెబుదామనుకున్నానండి, గట్టిగా బిగించి పారెయ్యమని. ఆ సిగ్నల్ దగ్గర బండి ఆగిపోయాక కూర్చుని ఆలోచించాను. బిగిస్తే ఏమవుతుంది? శనివారం ఆర్తి ఇంట్లో ఉంటుంది. నేనూ ఉంటాను. ఆవిడ ఫోను చూసుకుంటుంది, నేను టీవీ చూస్తాను. కారు చెడకముందు అలాంటి శనివారాలు ఎన్ని గడిపామో నాకు తెలుసు కదా.

ఇప్పుడు మీ దగ్గర్నుంచి వచ్చాక పాట పాడుకుంటుందండి. గోళ్ళల్లో గ్రీజు పోకుండానే వంటింట్లో దూరి చేపల పులుసు పెడుతుంది. నా పక్కనే కూర్చుని తింటుంది. ఆఫీసులో ఏమైందని అడుగుతుంది. నేను ఏదో ఒకటి చెబితే నవ్వుతుంది. ఆ నవ్వు ఇక్కడ పుట్టిందని నాకు తెలీదా? తెలుసు. తెలిసే తీసుకుంటున్నాను.

మీరంటే నాకు ఒళ్ళుమంటండి. చచ్చేదాకా ఉంటుంది, అందులో మొహమాటం లేదు. కాని ఆ ఒక్క పూటా పోతే నాకింక మా ఇంట్లో మిగిలేదేం లేదు.

ఆవిడ వచ్చేలోపు కారు తీసుకెళ్ళి ఉన్నచోటే పెట్టేస్తాను. సాయంత్రం వస్తుంది. నేనొచ్చినట్టు మాత్రం చెప్పకండి. ఎప్పట్లాగే తీరిగ్గా వెతకండి, ఆ స్క్రూడ్రైవరూ అదీ అంతా కానివ్వండి. ఆఖర్న గొట్టం పెట్టండి.

క్లిప్పు వెయ్యకండి.