తాతబ్బాయి మెచ్చిన పడవలు

తాతబ్బాయి ఉన్నాడే, ఆడికి పొద్దున్నే గేదెల్ని కాలవ గట్టుకి తోలడం, అక్కడ కూచుని పడవలు చూడ్డం, ఇంతే పనంట. అప్పటికే లారీలొచ్చేసి కాలవలో సరుకు తిరగడం మానేసింది అనుకో. పనిలేని పాత పడవలన్నీ లాకులకి పైనా కిందా గట్టుకి కట్టేసి ఉండేవంట. మనకైతే అన్నీ ఒకటే. ఆడికి అలా కాదు. ఇదిగో ఇది ఉప్పుపడవ, అడుగుచెక్క ఎలా తెల్లబడిపోయిందో చూడండి అనేవాడు. అదిగో ఆ వెడల్పుది జమీందారు గారి పల్లకీని దాటించిన పడవ, మధ్యలో బోయీలు నిలబడ్డానికి ఎత్తు కట్టారు చూశారా అనేవాడు. పెళ్ళాం తల కొట్టుకునేదంట. "పక్కింటావిడ మొగుడు ఆడోళ్ళని చూస్తాడు, నా మొగుడు పడవల్ని చూస్తాడు, ఏది నయమో నాకే తెలీదు" అనేదంట. నవ్వకండి, నిజంగానే అందంట.

చూసినోడు ఊరుకుంటాడా? లాకుల కాడ టీ హోటల్లో కూచుని, ఏ పడవ బాగుందో, ఎందుకు బాగుందో నోరారా చెప్పేవాడు. అందరూ వినేవోళ్ళు. ఏమైందంటే, ఆడు ఉప్పుపడవని మెచ్చుకున్నాడా, వారం తిరక్కుండా ఆ పడవ లేదు. పల్లకీ పడవని మెచ్చుకున్నాడా, అదీ లేదు. పొగగొట్టమున్న లాంచీ ఒకటుండేది, దాన్ని మెచ్చుకున్నా అంతే. ఇంతకీ పడవోళ్ళు ఏం చేసేవోళ్ళంటే, అమ్మేసుకునేవోళ్ళు. కానీ అమ్మానని చెప్పరు. పడవని చెక్కల కింద కొట్టించడానికి అమ్మడమంటే ఆళ్ళలో తల్లినమ్ముకున్నట్టు. అందుకని మునిగిపోయిందండీ అని ఒకడు, ఒడ్డుకి గుద్దుకుని విరిగిపోయిందండీ అని ఒకడు. అన్నీ కలిపి చూసుకుని జనం ఏమనుకున్నారు? ఈ తాతబ్బాయి కన్ను మంచిది కాదురా అనుకున్నారు. అంతే, పడవల ముక్కులకి పాత చెప్పులు కట్టేశారంట. ఆడు గట్టు మీద కనపడితే చాలు, "ఒరేయ్, తాతబ్బాయొస్తన్నాడు, గోనె కప్పండ్రా!" అని కేకలంట.

ఆడూ నమ్మేశాడు పాపం. ఎందుకు నమ్మడు, కళ్ళెదురుగా జరుగుతుంటే? తలగుడ్డ కళ్ళ మీదకి లాక్కుని గేదెల తోక పట్టుకు నడిచేవాడంట. కూతురు పురుడోసుకుని మగపిల్లాణ్ణి కంటే, ఆడు గుమ్మంలోనే అటు తిరిగి నిలబడ్డాడంట. "ఓసారి ఎత్తుకో నాన్నా" అని కూతురేడిస్తే, "వొద్దమ్మా, నేను చూసి బాగున్నాడనుకుంటే ఏమైపోతాడో" అన్నాడంట. అలాంటి బతుకు, ఏం చెప్పేది!

ఇలా ఉండగా గేదెలకి తెలగపిండి తేవాలని టౌనుకెళ్ళాడు. దారిలో కర్రల అడితి ఉంది. వాకిట్లో ద్వారబంధాలు చెక్కుతున్నారు. ఒక చెక్క అంచు తెల్లగా కనపడింది. ఇంకెవరికైనా తెలుస్తుందా? ఆడికి తెల్సింది. ఉప్పుపడవ! "ఈ చెక్క ఎక్కడిదయ్యా?" అని వడ్రంగినడిగాడు. "పాత పడవల్దండీ. రంగూన్ టేకు. లాకుల కాడ ఎవడో ఉన్నాడంట, ఆడు మెచ్చుకున్న పడవని కళ్ళు మూసుకుని కొనొచ్చని మా షావుకారు అక్కడో మనిషిని పెట్టాడు. ఆడి మాట కోసం రోజూ అక్కడ టీ తాగొస్తాడు" అన్నాడంట వడ్రంగి. తాతబ్బాయికి అప్పుడర్థమైంది. అంటే నా కన్ను కాదు, నా నోరు! ముందు సంతోషమేసిందంట. తిన్నగా ఇంటికెళ్ళి మనవణ్ణెత్తుకున్నాడు. తర్వాతే గుండెల్లో రాయి పడింది. చిలకముక్కు పడవ ఒకటుంది కదా, దాన్నీ ఈ అడితివోళ్ళు కొనేస్తే అని.

దాని ముక్కున చిలకని చెక్కారంట. చెక్కని చెక్కతోనే బిగించారు, ఇనపమేకన్నది లేదు. అలాంటిది ఆ కాలవలో అదొక్కటే మిగిలింది. సూరాయమ్మ అని మొగుడు పోయిన ముసలావిడ అందులోనే వొండుకుని అందులోనే పడుకునేది. దాన్ని చూసినప్పుడల్లా నోటిదాకా వొచ్చిన మాటని తాతబ్బాయి మింగేసేవాడు. మర్నాడు హోటల్లో ఆ అడితి మనిషే అడిగాడు, "ఆ చిలకముక్కుది ఎలాంటిదంటావు తాతబ్బాయ్?" అని. ఈడు ఊరుకోవచ్చుగా! ఉమ్మేసి మరీ చెప్పాడు. "అదీ ఓ పడవేనా? అడుగంతా పుచ్చిపోయింది. ఈ వరదకి నిలవదు, ఆ ముసల్దాన్ని ముంచేసి మరీ పోద్ది." అడితి మనిషి పెదవి విరిచి లేచి పోయాడు. గెలిచానురా అనుకున్నాడు మనోడు.

అక్కడ విన్నది ఆ ఒక్కడేనా? మాట గట్టెక్కి సూరాయమ్మ చెవిన పడింది. కన్ను మంచిది కాకపోయినా చూపు తప్పుద్దా, తాతబ్బాయి పుచ్చన్నాడంటే పుచ్చే అనుకుంది ఆవిడ. వానలు ముంచుకొస్తున్నాయి, ఒంటి మనిషి, భయపడింది. హోటలాయన్ని పిలిచి, పొయ్యిలోకి కొట్టించుకో నాయనా, నాకు రెండు పూటలా ఇంత ముద్ద పడెయ్ అందంట. తాతబ్బాయికి తెలిసి పరిగెత్తుకొచ్చేసరికి గొడ్డళ్ళు ఆడుతున్నాయి. చెక్క విరిగిన చోటల్లా లోపల పనసతొనలా మెరుస్తోందంట. ముసలావిడ ఓ ముక్క చేతిలో పట్టుకుని తిప్పి తిప్పి చూస్తోంది. "పుచ్చేదిరా తాతబ్బాయ్?" అంది. "లేదత్తా, అబద్ధమాడాను. అడితివోళ్ళు కొనేస్తారని." "అదేదో నాతో ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయిందిరా?" "నీ దగ్గరికి రానిచ్చేదానివా అత్తా? నన్ను చూస్తే గోనె కప్పేసేదానివి కదా!" ఆవిడ చేతిలో ముక్కని పొయ్యిలోకెళ్ళే కుప్పలో పడేసిందంట. నిజమే కదా, తనే కప్పింది రోజూ.

అంతే, ఇంకేం లేదు. సూరాయమ్మ హోటలు అరుగు మీద గ్లాసులు కడుక్కుంటా ఆ వానాకాలం వెళ్ళదీసింది, చలికాలమొచ్చేసరికి కన్నుమూసింది. తాతబ్బాయి మరి పడవల ఊసెత్తలేదు. హోటల్లో టీ మాత్రం చాలా రోజులు రంగూన్ టేకు మంట మీద కాగిందంట. తాగినోళ్ళని అడిగితే, రుచిలో తేడా ఏం లేదన్నారు.